తాళం వేసిన క్రాసింగ్, మా ఫోర్‌మన్

మొన్న శనివారం మా ఫోర్‌మన్ శవపేటికను రైల్వే గేటు మీదుగా ఎత్తి, అవతల నిలబడ్డవాళ్ల చేతుల్లోకి అందించాం. దారి లేక కాదు. ఉన్న దారికి రైల్వే కంపెనీ తాళం వేసింది. నలభై ఏళ్లు ఆ ట్రాక్‌ను కనిపెట్టుకుని ఉన్న మనిషి తన సమాధి దగ్గరికి సామాను మూటలా గేటు దాటాల్సి వచ్చింది. ఆయన భార్య అలా కూడా దాటలేకపోయింది. గేటు పక్క సందులో వీల్‌చైర్ పట్టలేదు. ఆవిడ ఇవతలే కార్లో కూర్చుని, అద్దం దించుకుని, కొండ మీద పాస్టర్ ఏం చదువుతున్నాడో వినాలని చూసింది. వినపడలేదు.

ఆయన పోయింది మంగళవారం పొద్దున. ఊపిరితిత్తులు. మా అమ్మ ఆయన ఉన్న ఆస్పత్రిలోనే నర్సు. ఫోన్ చేసి, "మీ పెద్దాయన వెళ్లిపోయాడ్రా. పనిలో చెప్పేసి వచ్చెయ్" అంది.

మీలో చాలామంది మన తెలుగువాళ్లుండే మోరిస్‌విల్ నుంచి పైకి డ్రైవ్ చేస్తూ మా వెస్ట్ వర్జీనియా కొండలు దాటే ఉంటారు. గ్యాస్ కొట్టించుకుని, "ఇక్కడ మనుషులెలా బతుకుతార్రా బాబూ" అని నవ్వుకునే ఉంటారు. ఎలా బతుకుతారో చెబుతాను, వినండి.

నేను ఇంటర్ మధ్యలో ఆపేసి, గ్రీన్‌కార్డ్ వచ్చిన అమ్మ వెంట ఒంగోలు నుంచి వచ్చినవాణ్ణి. మీలా ఎమ్మెస్ లేదు. మొదటి పని, పాత యార్డులో పట్టాలు పీకి తుక్కుకు పంపే కాంట్రాక్టర్ దగ్గర. మొదటిరోజే పట్టా మీద ఎక్కి నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. కాస్త దూరంలో మడతకుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన కేకేశాడు.

"ఏయ్ కిడ్! దిగు! పట్టా మీద అడుగెయ్యకూడదు, దాటాలి. నీకెవరూ చెప్పలేదా?"

"ఇంకో గంటలో దీన్ని పీకేస్తాం సార్."

"పీకేదాకా అది పట్టానే. జారితే పళ్లు రాలతాయి. నీ కాంట్రాక్టర్ కట్టించడు."

ఒళ్లు మండింది. కానీ మధ్యాహ్నానికి నేను పీకే మేకులన్నీ సగంలో విరుగుతుంటే ఆయన దగ్గరికే వెళ్లి అడిగాను. లేచి వచ్చి గడ్డపార అందుకున్నాడు. "భుజంతో కాదురా, ఒంటి బరువుతో" అన్నాడు. మేకు చక్కగా లేచి వచ్చింది.

ఆ యార్డు ఆయన ఫోర్‌మన్‌గా చేసిన సెక్షనేనని తర్వాత తెలిసింది. తన మనుషులు బిగించిన వాటిని మేం పీకుతుంటే రోజూ వచ్చి చూసేవాడు. ఎందుకండీ ఈ బాధ అంటే, "మేం సరిగ్గా వేశాం. మీరు కనీసం సరిగ్గా తియ్యండి" అన్నాడు.

ఆదివారాలు ఆయనతో లైను వెంట నడిచేవాణ్ణి. గడ్డి చూపించి "ఇది డిపో, రైలు ఆగే చోటు" అనేవాడు. ఇంకాస్త గడ్డి చూపించి "ఇది మా పనివాళ్లు తిని పడుకునే బోర్డింగ్ హౌస్. ఇక్కడ గ్రేవీ తిన్నవాడు ఇంకో ఊరికి బదిలీ అడగలేదు" అనేవాడు. ముందు మెషీన్లు వచ్చి ఎనిమిదిమంది చేసే పనికి ముగ్గురు చాలన్నారట. తర్వాత పాసింజర్ రైలు ఆగింది. తర్వాత బడి మూతబడింది. బొగ్గు గని మూసేశాక, నేను వచ్చిన రెండో ఏడు, ఆఖరి బొగ్గు రైలు వెళ్లిపోయింది. ఆరోజు ఆయన భార్య వంటింట్లో అల్మరా తలుపు తెరిచి, "పెళ్లయిన దగ్గర్నుంచీ రైలు వెళ్లినప్పుడల్లా ఈ కప్పులు గలగలమంటూనే ఉన్నాయి. ఇంక వీటికేం పని?" అంది. ఫోర్‌మన్ రెంచి తీసుకుని బయటికి వెళ్లి, రైలు రాని లైను మీద వదులైన బోల్టులు బిగించి వచ్చాడు.

రైళ్లు తిరిగినన్నాళ్లూ సమాధుల వైపు వెళ్లే ఆ క్రాసింగ్‌కు గేటు లేదు. రైళ్లు ఆగిన ఏడాదికి గేటు పెట్టి తాళం వేశారు. భద్రత కోసమట! ఊరి సమాధుల తోట అవతలి కొండ మీద ఉంది. ఫోర్‌మన్ వాళ్ల పోయిన కూతురి సమాధీ అక్కడే. ఏటా మే నెల ఆఖరి ఆదివారం ఊళ్లో మిగిలినవాళ్లు, ఊరు వదిలినవాళ్లు అంతా వచ్చి సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే కూర్చుని భోంచేస్తారు. డెకరేషన్ డే అంటారు.

"నా దగ్గర కట్టర్ ఉంది. రెండు నిమిషాల పని" అన్నాను ఫోర్‌మన్‌తో.

"నువ్వు కోస్తే వాళ్లు ఇంకోటి వేస్తారు. నిన్ను లోపలేస్తారు. నీ గ్రీన్‌కార్డ్ పోతే మీ అమ్మకి నేను చెప్పాలా? వేసినవాళ్ల చేతే తీయించాలి."

కంపెనీకి మూడు ఉత్తరాలు పెన్సిల్‌తో రాశాడు. నేను టైప్ చేశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

శనివారం పేటికను మోసినవాళ్లం ఆరుగురం. నలుగురు ఆయన కింద పట్టాల పని చేసిన పాత గ్యాంగ్ మనుషులు, అందరూ డెబ్బై దాటినవాళ్లు. పట్టాల మధ్య గడ్డి నడుం ఎత్తు పెరిగింది. పట్టాల దగ్గరికి రాగానే నలుగురూ ఒక్కసారే ఆగిపోయారు. చేతుల్లో అంత బరువుతో ఎడమకి చూశారు, కుడికి చూశారు.

"క్లియర్" అన్నాడు ముందున్నాయన.

వెనక పట్టుకున్న ఫ్యూనరల్ హోమ్ కుర్రాడు నవ్వాడు. "ఇక్కడ రైళ్లు లేవు కదండీ!"

"నోర్మూసుకుని నీ పక్క ఎత్తి పట్టు" అన్నాడాయన.

ఒక్క కాలు కూడా పట్టాకు తగల్లేదు. నాది కూడా.

కిందికి దిగి వచ్చాక ఆవిడ కారు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. "మా అమ్మాయి పక్కనే పెట్టారా?"

"అవునండీ."

"మట్టి సర్దారా బాగా? సరేలే, మేలో నేనే వెళ్లి చూసుకుంటాగా."

ఎలా వెళ్తుందో ఆవిడ నన్ను అడగలేదు. నేను కంపెనీని అడుగుతున్నాను. ఇదే సంగతి ఇంగ్లీషులో రాసి, ఊళ్లో మిగిలిన ప్రతి ఇంటి సంతకంతో కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కాపీ కౌంటీ ఆఫీసుకు ఇచ్చాను. తాళం తియ్యండి. గేటు పీకండి. వీల్‌చైర్ వెళ్లేలా క్రాసింగ్ మీద చెక్కలు పరవండి. మీకు మనుషులు లేకపోతే ఆ పని మేం చేస్తాం, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. ఏది చేసినా చెయ్యకపోయినా మే ఆఖరి ఆదివారం పదింటికి ఆవిడను అక్కడికి తీసుకొస్తున్నాం. జవాబు మే పదిహేను సాయంత్రం ఐదింటిలోగా, ఒక మనిషి సంతకంతో, ఆవిడ పేరు మీద రావాలి.