కొత్త సెక్షన్లు

పోలీస్ స్టేషన్లో ఫిర్యాదులు రాసే రైటరుకి ముప్ఫై ఏళ్లుగా సెక్షన్లన్నీ నోటికొచ్చు. తెల్లదొరల నాటి చట్టాలు పోయి కొత్తవి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి కుదురు లేదు. కూర్చున్నవాడు లేస్తాడు, కళ్లజోడు తుడుస్తాడు. చెయ్యి మాత్రం పాత నెంబరే రాసేస్తుంది. నాలిక కరుచుకుని కొట్టేస్తాడు.

ఆ ఉదయం పెదవి చిట్లిన ఒకావిడ వచ్చి, మొగుడు కొట్టాడని చెప్పింది. రైటరు కొత్త పుస్తకం తిరగేస్తూనే ఉన్నాడు. చాలాసేపు చూసి ఆమె లేచింది. "కొత్త చట్టంలో నా దెబ్బకి నెంబరు లేదా అన్నయ్యా? పోనీలెండి, ఇంటికెళ్తాను." రైటరు గతుక్కుమన్నాడు. "అయ్యో, కూర్చో తల్లీ! నెంబరు నేను వెతుక్కుంటాను. ఏం జరిగిందో నువ్వు చెప్పు," అంటూ పుస్తకం పక్కకి నెట్టి, సెక్షను చోట ఖాళీ వదిలి, కలం పట్టాడు. ఆమె కూర్చుని, పదకొండేళ్ల కిందటి మొదటి దెబ్బ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.