వలకి రెండు కొసలు

కొల్లేటి చేపల చెరువుల్లో వల లాగే పెద్దింటయ్యకి రోజుకి ఎనిమిది వందలు. అదే వలకి రెండో కొస పట్టుకుని లాగే ఒడిశా కూలీ బిక్రమ్‌కి ఐదు వందలు. చేపలకి ఈ తేడా తెలియదు గానీ పెద్దింటయ్యకి బాగా నచ్చింది. "వాళ్లకి చద్దన్నం, పచ్చిమిరపకాయ చాలండి. ఖర్చులేం ఉంటాయి?" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. బిక్రమ్‌కి సొంతూళ్లో ముగ్గురు పిల్లలున్న సంగతి ఆయన ఆర్థికశాస్త్రంలో లేదు.

ఆదివారం యజమాని కృష్ణబాబు పిలిచాడు. "పెద్దింటయ్యా, రేపట్నించి మీ పదిమందీ ఐదొందలకే రావాలి. లేదంటే ఇంకో పదిమందిని ఒడిశా నుంచే దింపుతాను."

సాయంత్రానికల్లా పెద్దింటయ్యకి మనుషులంతా ఒక్కటేనన్న జ్ఞానం కలిగింది. కూలీల షెడ్డుకెళ్లి, "పని ఒకటే అయినప్పుడు కూలి కూడా ఒకటే ఉండాలి కదా తమ్ముడూ. రేపు అందరం కలిసి పని ఆపేద్దాం" అన్నాడు.

"రెండేళ్ల నుంచీ ఒకటే పనండి" అన్నాడు బిక్రమ్, ఇక్కడే నేర్చుకున్న తెలుగులో. "మీకు ఇవాళ తెలిసిందాండి?" అయినా ఒప్పుకున్నాడు.

తెల్లారి ఐసు లారీ గట్టు మీదికి వచ్చింది. ఊరివాళ్లు పది, ఒడిశా వాళ్లు పది, ఇరవై మందిలో ఒక్కరూ నీళ్లలో కాలు పెట్టలేదు. ఐసు కరుగుతుంటే కృష్ణబాబు గంటసేపు తిట్టి, ఆఖరికి మెత్తబడ్డాడు. అందరికీ సమానంగా ఆరు వందల యాభై.

ఒడిశా వాళ్లు ఈలలు వేసి, నూటయాభై పోగొట్టుకున్న పెద్దింటయ్యని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇచ్చే మొత్తం కూలి రూపాయి కూడా పెరగని కృష్ణబాబు, "న్యాయం చేశానా లేదా?" అని అడిగాడు.

"చేశారండి" అన్నాడు పెద్దింటయ్య, అంత ఎత్తు నుంచి.