నీళ్లు పోయే దారిలో మా ఇల్లు

పొద్దుటి నుంచి వాన. తిరుపతిలో మా వీధిలో నీళ్లు ఎర్రగా గేటు దాకా వచ్చాయి. ఆ రంగు చూడగానే వడమాలపేట దగ్గర మా ఊరి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ గుర్తొచ్చింది.

వానలకు ముందు ఇంటికొకరు పార పట్టుకుని వెళ్లి పూడిక తీసేవాళ్లు, మీలో పల్లెల్లో పెరిగినవాళ్లకు గుర్తుందా? రాని పొరుగింటాయన్ని నాయన ఊరికే వదిలేవాడు కాదు.

"ఏమప్పా, రేపు నీళ్లు నీ ఇంట్లోకొస్తే మంచం మీద కూసోని చేపలు పడతావా?"

ఇక్కడ మా లేఅవుట్ అలాంటి కాలువను పూడ్చి వేసిందేనట. ఇల్లు కట్టాక తెలిసింది.

"వానలే మారిపోయినాయి, మనమేం చేస్తాం?" అంటారు మా ఆయన. నిజమే, నెల వాన ఒక్క పూటలో పడుతోంది. కానీ అది పోవాల్సిన దారిలో ఇల్లు కట్టుకున్నది మేమే కదా?

పిల్లల పుస్తకాలు మేడ మీదికి చేరుస్తున్నాను. మీ ఇంటి కింద ఒకప్పుడు ఏముండేదో మీరెవరైనా అడిగారా?