నైలు లోయలో ఆరున్నొక్కటి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా ఆమదాలవలసలో భయపెట్టడానికి చుట్టాలే చాలు, వేరే ఎవరూ అక్కర్లేదు. పైగా ఇంట్లో నా మాటకి విలువ తక్కువ. పెళ్లిలోనూ, చావులోనూ ఒకేలా జోకులేసే మనిషిని. కాబట్టి మీరు నమ్మకపోయినా నాకు అలవాటే.

నేను రైసు మిల్లు యంత్రాలు బిగించే ఫిట్టర్ని. మొన్న చలికాలంలో కంపెనీ నన్ను ఈజిప్టు పంపింది. నైలు లోయలో వ్యవసాయం మీద బతికే ఒక సంత ఊరు. దాని పేరు గొంతు లోపల్నుంచి పలకాలి. నేను పలికితే ఎవరో నాకు మంచినీళ్లు ఇచ్చారు.

బయల్దేరేముందు మా అత్త వచ్చింది. ఆమె భర్త అప్పన్న మావ, మా అమ్మ తమ్ముడు. కుంచంతో ధాన్యం కొలవడం ఆయన పని. కాటాలొచ్చి ఆ పని పోయాక లిబియాకి కూలికి వెళ్లాడు. అక్కడ గొడవలు మొదలయ్యాక ఫోన్లు ఆగిపోయాయి. ఏడేళ్లు కనిపించకపోతే మనిషి పోయినట్టేనని వకీలు చెప్పాడు, పంతులు తలూపాడు. నేను తిరిగొచ్చిన వారానికి కర్మ చెయ్యాలని పెద్దలు నిర్ణయించారు. అంటే అత్త బొట్టు, గాజులు ఆ రోజుతో సరి.

"ఒరే, లిబియా ఆ పక్కనే అంట కదా. అగుపడతాడేమో ఓపాలి సూడు," అంది.

ఫోన్‌లో మ్యాపు తీసి మధ్యలో ఎంత ఎడారి ఉందో చూపించాను.

"అయితే ఏటి? దేశమంతా తిరిగే సాలూరు లారీలు ఎల్లవా?"

మ్యాపు మూసి ఫోను జేబులో పెట్టుకున్నాను.

నాలుగో రోజు మిల్లులో కరెంటు లేదు. డ్రైవరు నన్ను సంతకి తీసుకెళ్లాడు. పొద్దున్న పదకొండు గంటలు. ఆకాశం బూడిద రంగులో ఉంది. కాలవ గట్టు మీద ఉల్లిపాయల గుట్టలు, తడిసిన గాడిదలు. కొనేవాళ్ల కంటే చూసేవాళ్లే ఎక్కువ. ఆ దిగులు చూస్తే సొంత ఊరికి వచ్చినట్టే అనిపించింది.

గోనెపట్టా మీద ఒక ముసలాయన చిక్కుడు గింజలు తగరపు డబ్బాతో కొలుస్తున్నాడు. మావ పోలికలు ఏమీ లేవు. మావ పొట్టి, నలుపు. ఈయన పొడుగు, తెలుపు, ఒక కంట్లో పువ్వు.

డబ్బా ముంచి లేపి, "లాభం," అన్నాడు.

అరబ్బీలో అలాంటి మాటేదో ఉందేమోననుకున్నాను. మా దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు కూడా అనరు, ఏడవమన్నట్టుంటుందని. ఆరున్నొక్కటి అంటారు. "జనం సెప్పకుండానే ఏడుస్తన్నారు, మళ్లీ మనం సెప్పడం ఏటి?" అనేవాడు మావ. ఆరున్నొక్కటి చివర ఆయన పాటలా సాగదీసేవాడు.

"రెండు," అన్నాడు ముసలాయన. తెలుగులోనే. మూడు, నాలుగు, ఐదు, ఆరు.

"ఆరున్నొక్కటీ..."

సాగదీశాడు. అది మావ గొంతు. గోనెపట్టా పక్కన కూర్చుని చెవి దగ్గరపెట్టాను.

ఎనిమిదో డబ్బా లేచింది. "తమానియా," అన్నాడు. అరబ్బీ. గరగరలాడే వేరే గొంతు. అక్కణ్నుంచి చివరిదాకా అరబ్బీయే.

డ్రైవరుని అడిగాను. అతనికి మొదటి నుంచీ అరబ్బీయే వినిపించిందట. లిబియా నుంచి వచ్చిన భారతీయులెవరైనా తెలుసా అని ముసలాయన్ని అడిగించాను. తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కొలవమన్నాను. కొలిచాడు. ఒకటి నుంచి పది దాకా ఒక్క తెలుగు ముక్క లేదు. నాకు జ్వరం లేదు. మందు తాగలేదు, ఆ ఊళ్లో దొరకదు కూడా.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో పెద్దలు కూర్చుని కర్మకి కావాల్సిన సామాన్ల చీటీ రాస్తున్నారు. సంతలో మావ గొంతు విన్నానని చెప్పాను. మా పెదతాత, "కర్మ కాడ కూడా కామెడీయేటిరా నీకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నా జోకులకి వాళ్లు ఎప్పుడూ అంతగా నవ్వలేదు.

అత్త నవ్వలేదు. గుమ్మం దాటి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆరున్నొక్కటి అన్నాడా?"

"అన్నాడత్తా."

"ఎనిమిది అన్నాడా?"

తమానియా నా చెవిలో ఇంకా గరగరలాడుతోంది.

"లేదత్తా. మావ అన్లేదు."

అత్త పెద్దలవైపు తిరిగింది. "అయితే ఇంకా కొలత అవ్వనేదు. కొలత మజ్జిలో మనిషిని లేపకూడదు. ఆ సీటీ మడిసి, లెగండి."

లేచారు. పెదతాత చీటీ జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు.

నేను అబద్ధం ఆడలేదు. ఎనిమిది మావ అనలేదు, నిజమే. ఎనిమిది వేరే గొంతు అన్నదని, కొలత పూర్తయిందని మాత్రం అత్తకి చెప్పలేదు. మావ గొంతు అక్కడికి ఎలా వచ్చిందో, ఆరున్నొక్కటి దగ్గర ఎందుకు ఆగిపోయిందో నాకు నేటికీ తెలియదు. వినికిడి లోపమని సర్దిచెప్పుకుందామని చెవుల డాక్టరు దగ్గరకి వెళ్లాను. బాగున్నాయన్నాడు.

అత్త నుదుట బొట్టు అలాగే ఉంది. వీధిలో నేను ఎదురైతే నడక ఆపి నిలబడుతుంది. నేనింకేదో చెప్పబోతానని కాసేపు చూస్తుంది. ఏమీ చెప్పకపోతే, వెళ్లిపోతుంది.