మీరు అన్నందుకు

మా గోదావరి వైపు ఆడవాళ్లం ఇరుగుపొరుగు వాళ్లని 'వదినగారూ' అంటాం. ఎంత స్నేహమైనా 'మీరు' వదలం. చిన్నప్పుడు పక్కింటావిణ్ణి 'నువ్వు' అన్నందుకు మా అమ్మ నా నెత్తిన వేసిన మొట్టికాయ యాభై నాలుగేళ్లొచ్చినా నాకింకా గుర్తే. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నాకు ముక్కుమీద కోపం, నోరు ఏమంత మంచిది కాదు. అందుకే ఆ 'అండీ'ని మరింత గట్టిగా పట్టుకున్నాను.

శంషాబాద్‌లో ఇల్లు కట్టుకుని వచ్చిన కొత్తలో నాకు మొదట పరిచయమైంది కాలనీ పక్కనున్న పాత ఊరి ఆవిడ. తరతరాలుగా అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. పెరట్లో గోంగూర కోసి తెచ్చి, "పుంటికూర తెచ్చిన, పప్పుల ఎయ్యి అక్కా" అని చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు రోజూ పొద్దున్నే కలిసి నడిచాం. మాతో నడిచే మరో ఇద్దరూ మా గోదావరి వాళ్లే. వాళ్లిద్దరూ చిన్నప్పుడు నాతో బడిలో చదువుకున్న వాళ్లు కాబట్టి వాళ్లతో 'ఏమే', 'ఒసేయ్' తప్ప నాకు మాట రాదు. ఆవిణ్ణి మాత్రం 'వదినగారూ, మీరు' అనేదాన్ని.

ఆవిడ భర్త హఠాత్తుగా పోయాడు. అప్పటినుంచి ఆవిడ నడకకు రావడం మానేసింది. నేను ఇంటికి వెళితే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేది, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేది. పది నెలలు గడిచాయి. ఇక మనకీ మనిషి దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది. వానలు పడి నల్లమల అడవిలో మల్లెలతీర్థం జలపాతం దగ్గర నీళ్లు బాగా దూకుతున్నాయని విని, "మీరు రాకపోతే మేమూ వెళ్లమండీ" అని ఆవిడ గుమ్మంలో కూర్చున్నాను. నా మొహం చూసి, "సరే, వస్త తీయ్" అంది.

డ్రైవరుతో సహా అద్దెకు తీసుకున్న పెద్ద కారులో శ్రీశైలం రోడ్డు పొడుగునా మేం ముగ్గురం ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటూనే ఉన్నాం. పులిహోరలో ఉప్పు మరిచిపోయిన దాన్ని నేను కడ్తాల్ దాకా తిట్టాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మధ్యలో నేను, "మీకు ఏసీ ఎక్కువైందాండీ?" అంటే, "లేదు" అంది.

అడవిలో మెట్లన్నీ దిగేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. నల్లటి బండ మీదినుంచి నీళ్లు దూకుతున్నాయి. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినబడటం లేదు. మిగతా ఇద్దరూ ఫోటోల్లో పడ్డారు. నేను చెప్పుల్లో దూరిన రాయి తీసుకుని తలెత్తేసరికి ఆవిడ ఒక్కతే పాచి పట్టిన బండల మీదుగా మడుగులోకి వెళుతోంది. మోకాళ్ల లోతు, ఇంకాస్త లోతు. వెనక్కి చూడటం లేదు. పది నెలలుగా నాకున్న భయమంతా ఒక్కసారిగా కేకై వచ్చింది.

"ఒసేయ్, ఎక్కడికే? ఆగు అక్కడే! చస్తావే!"

ఎలా వెళ్లానో తెలీదు, వెళ్లి జబ్బ పట్టుకుని ఒడ్డుకి, హోరు తగ్గే చెట్ల దాకా ఈడ్చుకొచ్చాను. "బుద్ధుందటే నీకు? నీకేమన్నా అయితే నీ పిల్లలకి నేనేం చెప్పాలే? మాకెవరే నువ్వు తప్ప?" నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ తెల్లబోయి చూసింది.

"మొఖం కడుక్కుందామని పోయిన. ఆడ నీళ్లు తేటగున్నయి" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. "క్షమించండి వదినగారూ, కంగారులో ఏకవచనం వచ్చేసింది. ఏమీ అనుకోకండి" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నా తిట్లకి కాదు, నా క్షమాపణకి.

"మల్ల 'అండీ' అనవడ్తివి" అంది. "గా ఇద్దరిని ఎంత మంచిగ తిడ్తవ్ అక్కా. ఎనిమిదేండ్ల సంది నన్నొక్క మాట అనలే. మా ఆయన పోయిన దినం గూడ వచ్చి, 'మీరు ధైర్యంగా ఉండాలండీ' అన్నవ్. బ్యాంకుల సారు లెక్క. ఇగ ఈమెకు నేనేం చెప్పుకుంట అనుకున్న."

"అది మా వైపు మర్యాద" అన్నాను. నాకు కొంచెం రోషం కూడా వచ్చింది.

"మర్యాదనే. నాకెర్కలేదా? గని మర్యాద ఎవలకు చేస్తం? బయటోళ్లకు గద."

ఇన్నాళ్లూ ఆవిడ తలుపు మూసుకుందనుకున్నాను. తలుపు దగ్గర నిలబడి లోపలికి వెళ్లనిది నేనేనని అప్పుడు తెలిసింది. చాలా బాధేసింది.

తిరిగొచ్చేటప్పుడు మధ్య సీట్లో ఆమె పక్కన కూర్చున్నాను. మా వాళ్లిద్దరూ వెనక సీట్లో నిద్రపోయారు. ఇన్ని నెలల్లో అడగని మాట అడిగాను. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

కారు ఆమనగల్లు దాటాక నెమ్మదిగా మొదలుపెట్టింది. "పొలంకెళ్లి వచ్చి చాయ్ పెట్టమన్నడు. జర చక్కెర ఎక్కువెయ్యి అన్నడు. షుగర్ ఉండె గద ఆయనకు. తిట్టిన అక్కా. గట్టిగనే తిట్టిన. సప్పటి చాయ్ పెట్టి తీస్కపోయేసరికి మంచం మీద ఒరిగిపోయిండు. ఆఖరికి నా నోట్లకెళ్లి ఆయన ఇన్నది తిట్లే. ఒక్క చెంచా ఎయ్యకపోతిని."

ఈ మాట పది నెలలు ఎవరికీ చెప్పలేదట. పిల్లలకి కూడా చెప్పలేదు.

"బతకాలనే కదే తిట్టావు" అన్నాను.

ఆ 'కదే'లోని 'ఏ' ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆమె నా భుజం మీద తల పెట్టి తుక్కుగూడ దాకా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ధైర్యంగా ఉండమని ఈసారి చెప్పలేదు.