దగ్గరున్నవాడు ముందు

మూసిన తలుపు వెనక నుంచి మా అమ్మాయి గొంతు వినిపిస్తోంది. "ఓకే సార్... ఓకే సార్... ష్యూర్ సార్." నెల్లూరులో మా ఇంటి ముందు గదే ఇప్పుడు దాని ఆఫీసు. దాంతో పనిచేసేవాళ్ళు ఒకరు పూణేలో ఉంటారు, ఒకరు కొచ్చిలో, పై అధికారి బెంగళూరులో. ఒకరినొకరు ఎదురుగా చూసుకున్నది లేదు. ఆ "ఓకే సార్" వినబడితే చాలు, చేతిలో కాఫీ ఉన్నా నా ముక్కుకు తడిసిన బొగ్గు వాసన తగులుతుంది. ఆ వాసన వెనకే సుశీలమ్మ గారి గొంతు వస్తుంది: "ఏం అర్థమైంది నాయనా? నీ మాటల్లో చెప్పు."

సుశీలమ్మ గారు ఒకప్పుడు నా పై అధికారి. రేవులో ఓడల నుంచి బొగ్గు దింపే ఒక కాంట్రాక్టు కంపెనీలో మా ఉద్యోగాలు. ఓడ దగ్గర ఒక జట్టు, బొగ్గు గుట్టలు పోసే యార్డులో ఒక జట్టు, నెల్లూరు ఆఫీసులో మేము, హైదరాబాదులో పెద్దసారు. రోజూ పొద్దున అందరినీ ఒకే లైనులో కలిపేది ఫోను ఒక్కటే. అందులో పెద్దసారు మాట్లాడేవాడు, మేం వినేవాళ్ళం. చివర్లో ఆయన "క్లియరేనా?" అంటే అన్ని చోట్ల నుంచీ ఒకే జవాబు: "అట్నే సార్." అర్థమైనా అట్నే, కాకపోయినా అట్నే, కుదరని పని అని తెలిసినా అట్నే.

జట్ల మధ్య పొత్తు కుదర్చమని కంపెనీ ఆమెను తెచ్చింది. వచ్చిన కొత్తలో ఒకరోజు పెద్దసారు లైను వదిలేశాక, "ఎవరూ ఫోను పెట్టొద్దు" అన్నారామె. "కోటయ్యా, సారు ఏం చెప్పినారు?"

యార్డూ బెల్టూ చూసే కోటయ్య కాస్త నీళ్ళు నమిలి, "తడి బొగ్గు ముందు పంపమన్నారు మేడమ్" అన్నాడు. ఓడ దగ్గర నుంచి ఇంకో గొంతు, "యాడ? తడి బొగ్గు ఆపమన్నారు గదా!" అంది. నన్నడిగితే, ఆయన తడి బొగ్గు ఊసే ఎత్తలేదన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "మరి అందరూ అట్నే అన్నారే, దేనికి?"

మర్నాటి నుంచి పద్ధతి మారింది. పనికి ఎవరు దగ్గరుంటే వాళ్ళు ముందు మాట్లాడాలి, దూరంగా ఉన్నవాళ్ళు చివర. విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఉత్త "అట్నే" అంటే విననట్టే లెక్క. ఈ పద్ధతిలో అందరికంటే ముందు మాట్లాడాల్సిన మనిషి పెంచలయ్య. జువ్వలదిన్నె వైపు నుంచి పడవ పని వదిలేసి వచ్చాడు. ఓడ నుంచి యార్డుకు బొగ్గు మోసే బెల్టు కింద పేరుకున్న మట్టీ పొడీ గీకి తీసే జట్టుకు పెద్ద.

"ఏంది మేడమ్, పెద్దోళ్ళ కంటే ముందు నేను నోరు తెరిస్తే మర్యాదగా ఉంటదా?" అన్నాడు.

"మర్యాద ఇంటికాడ పెట్టి రా పెంచలయ్యా. బెల్టుకు మర్యాద తెలీదు."

"ఇంటికాడ కూడా నన్ను ముందు మాట్లాడనీరు మేడమ్. మా ఇంట్లోది ఉంది గదా!"

అలా మొదలైంది. "బెల్టు కింద మనిషి లేడు, నడపచ్చు" అనో, "మనోళ్ళు దిగినారు, ఆగండి" అనో పెంచలయ్య చెప్పేదాకా హైదరాబాదు గొంతు కూడా కాచుకునేది. నిజం చెప్పాలంటే పెద్దసారుకు అది మింగుడుపడలేదు.

ఆ రోజుల్లో నేను ఆదివారాలు సభల్లో దేవుళ్ళ మీద, ముహూర్తాల మీద నిప్పులు కురిపించేవాణ్ణి. సుశీలమ్మ గారు అదే ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవారు. కంపెనీ వాహనంలో ఒకసారి ఆమె విశ్వాసం మీద నేను దాడికి దిగాను. ఆమె చివరిదాకా విని, "సభలో దేవుణ్ణి నిలదీస్తావంట. ఫోనులో సారును ఒక్క మాట అడగవేం నాయనా? దేవుడు జీతం ఆపడనా?" అన్నారు. డ్రైవరు పకపకా నవ్వాడు. ఆ ప్రశ్న నాతో పాటే ఇంటికి వచ్చింది. మూఢనమ్మకం గుడిలోనో చర్చిలోనో మాత్రమే కాపురం ఉంటుందని ఎవరన్నారు? పై కుర్చీలో ఉన్నవాడికి అన్నీ తెలిసే ఉంటాయన్న నమ్మకానికి ఏ ఆధారం ఉంది? తిరిగి ప్రశ్నిస్తే చెంప పగలగొట్టి పెంచుతాం పిల్లల్ని. ఆ దెబ్బకు సంస్కారం అని పేరు పెడతాం. ఆ పిల్లలే పెద్దవాళ్ళై యంత్రాల దగ్గర నిలబడతారు.

వానలు పడుతున్న రోజులు. ఓడ ఆగిపోయి ఉంది, పెద్దసారు మండిపడుతున్నాడు. ఫోను కలవగానే సుశీలమ్మ గారు ఎప్పటిలాగే, "బెల్టు దగ్గర నుంచి ముందు..." అని అందుకున్నారు.

"మేడమ్, ఈ పూటకు మీ ప్రార్థన కూటం ఆపండి!" అన్నాడు పెద్దసారు. లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఓడ కదలాలి. బెల్టు నడపండి. క్లియరేనా?"

కోటయ్య, "అట్నే సార్" అన్నాడు. ఓడ దగ్గరివాళ్ళూ అన్నారు. నా పక్క కుర్చీలో, తల వంచుకుని, సుశీలమ్మ గారూ అన్నారు: "అట్నే సార్."

పెంచలయ్య ఫోను దగ్గర లేడు. ముద్దలు కట్టిన బొగ్గు గీకుతూ బెల్టు కింద ఉన్నాడు.

బెల్టు నడిచింది. కబురు అంది మేం వెళ్ళాక యార్డులో చూసింది నేను రాయను.

తర్వాత జరిగిందే నాకు ఇంకా రోత. బెల్టు దగ్గర శాంతి హోమం చేయించారు. ఆ రోజు అమావాస్య అని కొత్తగా కనిపెట్టారు. సుశీలమ్మ గారి చర్చి పాస్టరు గారు దేవుని చిత్తం అన్నారట. ఆమె ఆ రెంటినీ ఒకే మాటతో తోసేశారు: "నోరు మూసుకున్నది మనం. గ్రహాల మీదికీ దేవుని మీదికీ నెట్టొద్దు." ఈలోగా కంపెనీ తన మాట సిద్ధం చేసుకుంది: పెంచలయ్య ఎవరికీ చెప్పకుండా బెల్టు కింద దూరాడు, తప్పంతా అతనిదే. ఆ మాట నిలబడితే ఇద్దరు పిల్లలతో అతని భార్య, చచ్చినవాడి తప్పును కూడా మోస్తూ బతకాలి.

విచారణ కూడా ఫోనులోనే పెట్టారు. అటువైపు పెద్దసారు, ఆయన పైవాళ్ళు. ఎవరు మొదలుపెడతారని అడిగారు.

"దగ్గరున్నవాడు ముందు మాట్లాడాలి సార్, అది మా పద్ధతి" అన్నారు సుశీలమ్మ గారు. "అతను పోయినాడు. తర్వాత దగ్గరున్నది కోటయ్య. చెప్పు కోటయ్యా."

కోటయ్య ఏడుపు గొంతుతో, "లోపల మనిషి ఉన్నాడని నాకు తెలుసు సార్. చెప్పే దిగినాడు. మీరు నడపమన్నారు గదా, మీకూ తెలిసే ఉంటదనుకున్నా" అన్నాడు.

"నాకెలా తెలుస్తుంది? మేడమ్ చూసుకోవాలి!" అన్నాడు పెద్దసారు.

"అడగలేదు సార్. అడగబోయి ఆగినాను, మీరు ఆపినారు కాబట్టి. మీరు ఆపినా నేను ఆగకూడదు. నేనూ అట్నే అన్నాను. అదట్నే రాసుకోండి" అన్నారు సుశీలమ్మ గారు.

పెంచలయ్య తప్పేమీ లేదని కంపెనీ ఒప్పుకోక తప్పలేదు. కోటయ్య ఉద్యోగం పోయింది, ఆమెదీ పోయింది. పెద్దసారు ఇంకా పెద్ద కుర్చీకి వెళ్ళాడు. ఆమె పద్ధతిని ఎత్తేశారు, పొద్దున ఫోను మళ్ళీ పొట్టిగా, మర్యాదగా సాగింది. నేనూ ఎక్కువ కాలం ఉండలేకపోయాను.

తర్వాత అప్పుడప్పుడు ఆమెను చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. ఇది మనిషి తప్పు కాదు, వ్యవస్థ తప్పు అని నా ధోరణిలో వాదించేవాణ్ణి. ఒకసారి మధ్యలో ఆపారు. "ఆయన ఎగతాళి చేస్తే అందరి ముందూ సిగ్గేసింది నాయనా. అంతే. నా సిగ్గు కోసం ఒక మనిషిని ఇచ్చేసినా. వ్యవస్థ సంగతి నీ సభలో చెప్పుకో. పెంచలయ్య భార్య ఎదుట ఆ మాట అనగలవా?" అనలేనని ఒప్పుకున్నాను. పోయినేడు ఆమె కన్నుమూసేదాకా ఆ బరువును ఆమె ఏ దేవుడి మీదా దించలేదు. దేవుణ్ణి నమ్మని నాకు అంతకంటే నిటారుగా నిలబడ్డ మనిషి తారసపడలేదు.

తలుపు తీసుకుని మా అమ్మాయి బయటికి వచ్చింది. అది చూసే పని ఆసుపత్రుల్లో రోగులకు మందుల మోతాదులు చూపించే సాఫ్ట్‌వేర్.

"ఏం చెప్పాడమ్మా మీ సారు?"

"ఏదో మార్పు చెప్పాడు నాన్నా. పిల్లల మోతాదుల సంగతి. సగమే అర్థమైంది."

"మరి ఓకే అన్నావే?"

"అందరూ అన్నారు. మళ్ళీ అడిగితే, దీనికి తెలివి లేదనుకుంటారు."

కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"అనుకుంటారమ్మా. నవ్వుతారు కూడా" అన్నాను. "ఫోను చేసి అడుగు."