రువైస్‌లో ఖాళీ ట్రే

మా ముదీర్ కుర్చీలు ఎత్తేయడంలో పేరు మోసిన మనిషి. ముదీర్ అంటే డైరెక్టర్. దోహాలో ఒక ప్రభుత్వ శాఖలో బడ్జెట్ విభాగానికి ఆయన పెద్ద, నేను ఆయన దగ్గర అనలిస్టుని. అనలిస్టు అన్నది కాగితం మీద మాట. ఆయన చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది టైపు చేయడం నా పని. కాకినాడలో మా మామగారు మాత్రం అల్లుడు ఖతార్ బడ్జెట్ వేస్తాడని వీధంతా చెప్పుకున్నారు. నేనూ కాదనలేదు.

ముదీర్ గుమాస్తాగా చేరి పైకొచ్చినవారు. అంతా పాతకాలపు పద్ధతి. ఎవరైనా కొత్త పోస్టు అడిగితే "ఇది లేకపోతే రేపు పొద్దున ఏది ఆగిపోతుంది?" అనేవారు. కన్సల్టెంట్లు రంగురంగుల స్లైడ్లు గంటసేపు చూపించాక కూడా అదే ప్రశ్న. జవాబు రాకపోతే పోస్టు గోవిందా. ఏడాదిపాటు ఖాళీగా ఉన్న పోస్టు దానంతటదే రద్దయిపోవాలన్న సర్క్యులర్ ఆయన రాసిందే. పక్క శాఖలు కూడా దాన్నే పట్టుకున్నాయి. ఇతరుల మీదే ప్రతాపం చూపించారనడానికి లేదు. తన డ్రైవరు పోస్టు తనే ఎత్తేసి, కారు తనే నడుపుకునేవారు. కుర్చీ చెయ్యి విరిగితే టేపు చుట్టించి అందులోనే కూర్చున్నారు.

తనిఖీలకు వెళ్ళినప్పుడు నోటు పెన్సిల్‌తోనే రాయించేవారు. ఆఫీసుకు తిరిగొచ్చాకే టైపు, సంతకం. పెన్సిల్ బొటనవేలంత అరిగేదాకా కొత్తది ఇచ్చేవారు కాదు. ఇదంతా పిసినారితనం అని నా తీర్మానం. అలాగే, నా టేబుల్ మీద సాయంత్రానికి రెండు ఫైళ్ళు మిగిలితే కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసేవారు. పెండింగ్ అంటే ఆయనకు ఒళ్ళుమంట అని ఇంకో తీర్మానం. తొమ్మిదేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను కదా, ఆయన గురించి నాకు తెలియంది ఉంటుందా అనుకునేవాణ్ణి.

దేశం ఉత్తరపు కొసన అల్ రువైస్‌లో మా శాఖకు ఒక గది ఆఫీసు ఉండేది. చేపల పడవల కాగితాలు తీసుకుని, ముద్ర వేయించి, తిరిగి ఇచ్చే చోటు. అందులో ఒక్కడే ఉద్యోగి, బోధన్ నుంచి వచ్చిన భాయ్. నాకంటే పదేళ్ళు పెద్ద. నెలకోసారి కాగితాలు పట్టుకుని దోహా వచ్చినప్పుడు మదీనత్ ఖలీఫాలో మా ఇంటికి వచ్చి, ఐసు పెట్టెలో షేరీ చేపలు ఇచ్చి, టీ తాగి పోయేవాడు. మా ఆవిడ గోదావరి మనిషి. చేప తెచ్చినవాణ్ణి అన్నయ్యగారూ అని పిలవకుండా ఉండలేదు.

ఒకసారి టీ తాగుతూ భాయ్ అడిగాడు. "తమ్మీ, చిన్న ఆఫీసులన్ని తీసేస్తరట గద. మాదుంటదా, పోతదా?"

"ఇంకా ఏదీ తేలలేదు భాయ్."

"నాకేమొద్దు తమ్మీ. బిడ్డ పదకొండుల ఉన్నది. పన్నెండు అయ్యేదాంక కుర్సి ఉంటే సాలు. నడుమల పోతే దాని సదువు ఖరాబైతది."

ఆ అమ్మాయి రోజూ రువైస్ నుంచి దోహాకి స్కూలు వ్యానులో వచ్చి పోయేది. పోను గంట, రాను గంట. వ్యానులోనే లెక్కలు చేసుకుంటుందని భాయ్ గొప్పగా చెప్పేవాడు.

రెండు వారాల తర్వాత తనిఖీ జాబితా నా చేతికొచ్చింది. రువైస్, వచ్చే మంగళవారం. తనిఖీ తేదీ ముందుగా బయటికి పొక్కకూడదు. పొక్కితే పొక్కించినవాడి ఉద్యోగం ఊడుతుంది. ఆ నిబంధన కూడా నేను టైపు చేసిందే. ఆ సాయంత్రమే భాయ్‌కి ఫోన్ చేశాను. ప్రభుత్వ రహస్యాన్ని రెండు కిలోల షేరీకి అమ్మినవాణ్ణి ఈ శాఖలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

"భాయ్, మంగళవారం ముదీర్ వస్తున్నారు. నేను చెప్పానని ఎక్కడా అనకండి. ట్రేలో ఒక్క కాగితం కూడా పెండింగ్ ఉండకూడదు. ఆయనకి పెండింగ్ కనబడిందో, అయిపోయామన్నట్టే!"

"అల్లా నిన్ను సల్లగ సూడాలె తమ్మీ. ఒక్కటి గుడ ఉంచ."

అన్నంత పనీ చేశాడు. పడవల వాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిపించాడు. రానివాళ్ళ కాగితాలు తన కారులో రేవుకి పట్టుకెళ్ళి చేతికిచ్చాడు. వచ్చే నెల గడువున్నవి కూడా ముందే పూర్తి చేశాడు. సోమవారం సాయంత్రం భార్యా కూతురూ వచ్చి గది తుడిచి, కిటికీ అద్దాలు కడిగి వెళ్ళారు.

మంగళవారం మేం వెళ్ళేసరికి ఆఫీసు పెళ్ళిచూపులకి తయారైనట్టుంది. భాయ్ ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు. నన్ను ఎరగనట్టే సలాం చేశాడు. ముదీర్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. తిన్నగా పెండింగ్ ట్రే దగ్గరికి వెళ్ళి, చూసి, బయట వేచి ఉండే బెంచీ చూసి, కుర్చీలో కూర్చున్నారు. గంటన్నర కూర్చున్నారు. ఒక్క పడవవాడు రాలేదు. ఎందుకొస్తారు? కాగితాలు జేబుల్లో పెట్టుకుని అందరూ హాయిగా సముద్రంలో ఉన్నారు. భాయ్ ఇచ్చిన టీ తాగి, "జైన్, బాగుంది, చాలా శుభ్రంగా ఉంది" అని ముదీర్ లేచారు. భాయ్ ముఖం వెలిగిపోయింది.



కారు పక్క ఊరు మదీనత్ అల్ షమాల్ దాటుతుండగా ముదీర్ అన్నారు. "రాయి. పెన్సిల్‌తో."

రాశాను. పెండింగ్ లేదు, వచ్చే జనం లేరు, పని లేదు. ఈ ఆఫీసు మూసి, ఉన్న కాస్త పనిని మదీనత్ అల్ షమాల్ ఆఫీసులో కలపవచ్చు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నాకు బుర్ర వెలిగింది. ట్రేలో కాగితాలు పేరుకున్న ఆఫీసుల్లో ఆయన ఇంతవరకు ఒక్కదాన్నీ మూయలేదు. పెండింగ్ ఉందంటే ఆ చోటుతో జనానికి అవసరం ఉందని ఆయన లెక్క. నా టేబుల్ మీది ఫైళ్ళు వేరు. అవి నా బద్ధకం.

"సార్, ఇవాళ ఒక్కరోజే ఇలా ఉందేమో" అన్నాను.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మనం వస్తున్నట్టు అతనికి ఎవరైనా చెప్పారా?"

నా ఇల్లు, పిల్లల స్కూలు, వీసా, మా మామగారి వీధి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"తెలియదు సార్" అన్నాను.

దోహా చేరడానికి ఇంకా గంట పట్టింది. నోటుపుస్తకం నా ఒళ్ళోనే ఉంది. ఆఫీసుకి వచ్చాక ఆయన నావైపు ఒకసారి చూసి, "టైపు చేయాలా?" అన్నారు. ఎప్పుడూ అలా అడగరు. "చేస్తాను సార్" అని చేశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను.

రువైస్ ఆఫీసు మూసేశారు. కుటుంబంతో ఊరికి బయలుదేరే ముందు భాయ్ చివరిసారి ఐసు పెట్టెతో వచ్చాడు. కూతురు పదకొండు మళ్ళీ మొదటి నుంచి బోధన్‌లో చదవాలట. చెబుతూ టీ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు ముందుగాల సెప్పవట్టి ఇజ్జత్ దక్కింది తమ్మీ. ఒక్క కాయితం బాకీ లేకుంట పోతున్న. సాబ్ గుడ మెచ్చుకున్నడు. కిస్మత్ బాలేదు, అంతే."

ఆ ఖాళీ ట్రే వల్లే కుర్చీ పోయిందని చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. భాయ్ వెళ్ళాక మా ఆవిడ చేపలు వేయించింది. తిన్నాను. రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను.

మరుసటేడు ముదీర్ రిటైరయ్యారు. తన పోస్టు ఎత్తేస్తారేమో అని అందరూ జోకులు వేసుకున్నారు, ఆయనా నవ్వారు. చివరి రోజు సొరుగు ఖాళీ చేస్తూ మిగిలిన పెన్సిళ్ళు నా చేతిలో పెట్టారు.

"రువైస్‌లో ఆ మనిషి గుర్తున్నాడా? నా సర్వీసులో అంత ఖాళీ ట్రే ఇంకెక్కడా చూడలేదు. పనిచేసే ఆఫీసులో ట్రే అలా ఉండదు."

"మీకు తెలుసా సార్?"

"అనుమానం. అనుమానం మీద నోటు రాయలేను. కారులో నిన్నడిగాను."

ఉండబట్టలేక అడిగాను. "నేను ఆ రోజు నిజం చెప్పుంటే?"

"నిన్ను తిట్టేవాణ్ణి. నోటు చెరిపేయమనేవాణ్ణి" అన్నారు. "మరి పెన్సిల్‌తో రాయించేది ఎందుకనుకున్నావు?"

భాయ్ ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. కూతురు ఈ ఏడు పన్నెండుకి వచ్చింది, క్లాసులో అందరికంటే ఏడాది పెద్దది. "దోహా మామ" అంటూ నాతో మాట్లాడుతుంది, లెక్కల్లో ఎన్ని వచ్చాయో చెబుతుంది. నేను శభాష్ అంటాను.